కాలువలో రెండో సైనికుడు

బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక వచ్చిన మూడో వేసవి చివర, నన్ను మద్రాసు నుంచి కృష్ణా జిల్లా పామర్రు దగ్గర ఔట్‌డోర్ షూటింగుకి ఆపరేటివ్ కెమెరామన్‌గా వేశారు. ఈ హోదా గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. తెర మీద 'ఛాయాగ్రహణం' అని పడే పేరు మా గురువు కురుప్ గారిది. వెలుగు ఎలా ఉండాలో, కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఆయన. కెమెరాకి కన్ను ఆనించి, నటుడు కదిలినకొద్దీ దాన్ని తిప్పేవాడు ఆపరేటివ్. అతనికి పక్కనే ఫోకస్ సరిచేసే సహాయకుడు ఒకడుంటాడు. ఇప్పటిలా దర్శకుడు టీవీలో చూసుకునే సదుపాయం ఆ రోజుల్లో లేదు. షాట్ జరిగేటప్పుడు ఫ్రేములో ఏముందో ఆపరేటివ్‌కి ఒక్కడికే తెలుస్తుంది. ఫిల్ము మద్రాసు వెళ్లి, ల్యాబులో కడిగి, ఇంకా కూర్చని ఆ ముడి ఫిల్మును, అంటే రషెస్‌ని, వేసి చూసేదాకా మిగతా యూనిట్ అంతా అతని మాట నమ్మి ఉండాల్సిందే.

ఆ సినిమా నాయక్ దైవసహాయం అనే సైనికుడి జీవితకథ. పామర్రుకి నాలుగైదు మైళ్ల దూరంలో ఒక పల్లె ఆయనది. సైన్యంలో వంతెనలు కట్టే దళంలో పనిచేశారు. తూర్పు బెంగాల్లో శత్రువులు పేల్చేసిన వంతెన దగ్గర, కాల్పుల మధ్య, తాడు భుజాన వేసుకుని నదిని ఈది అవతలి ఒడ్డున కట్టారు. ఆ తాడు పట్టుకునే మిగతా దళం దాటింది. ఎడమ మోకాలికి తగిలిన గుండు వల్ల పింఛను మీద ఇంటికి వచ్చేశారు. నేను కలిసేనాటికి ఆయనకి నలభై కూడా నిండలేదు. పొట్టిగా, గట్టిగా, కాస్త కుంటుతూ నడిచేవారు. ఆదివారం చర్చికి వెళ్లి వచ్చాకే లొకేషన్‌కి వచ్చేవారు. మిగతా రోజుల్లో మాకంటే ముందే గట్టు మీద ఉండేవారు.

షూటింగ్ అక్కడ పెట్టడానికి కారణం ఆయన ఊరు కావడం ఒక్కటే కాదు. అసలు నది దాకా వెళ్లే వీలు మాకు లేదు. తాటిచెట్లు, నల్లమట్టి, గట్లు, కాలువలు, కనుచూపు మేర పొలాలు ఉన్న కృష్ణా డెల్టాని తూర్పు బెంగాల్ అంటే ప్రేక్షకుడు నమ్ముతాడు. దైవసహాయం గారే మొదటి రోజు చుట్టూ చూసి, "అక్కడ దిగినప్పుడు మా ఊరికే వచ్చామేమో అనుకున్నానండీ" అన్నారు.

విజయవాడ గవర్నరుపేటలో లాడ్జిలో మా బస. రోజూ తెల్లవారగానే బందరు రోడ్డు మీద మా వరస బయల్దేరేది. ముందు నటీనటుల కార్లు, వెనక కెమెరా వ్యాను, ఆ వెనక సైన్యం. సైన్యమంటే ఆటోనగర్‌లో తయారైన సైన్యం. మా కళాదర్శకుడు అక్కడి షెడ్లలో పాత లారీలు ఏరి, ముందు భాగాలు కోయించి, మిలటరీ వాహనాల ఆకారం తెప్పించి, ఆకుపచ్చ రంగు కొట్టించాడు. ఉయ్యూరు సెంటర్లో అవి వెళ్తుంటే టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. మళ్లీ యుద్ధం వచ్చిందా అని ఒక పెద్దాయన మా వ్యాను ఆపి మరీ అడిగాడు. లేదండీ, సినిమా అని చెబితే, హీరో ఎవరని వెంటనే రెండో ప్రశ్న వేశాడు.

హీరో జయంత్ గారు అప్పటికి ప్రేమకథల్లో బాగా పేరున్న నటుడు. సన్నగా, సుకుమారంగా ఉండేవారు. ఈ పాత్ర కోసం జుట్టు కత్తిరించుకుని, దైవసహాయం గారి దగ్గర కవాతు నేర్చుకున్నారు. ఇద్దరూ గట్టు మీద కుడి ఎడమ వేస్తుంటే చూడటానికి జనం వచ్చేవాళ్లు. కుంటే గురువు నిటారుగా నడుస్తుంటే, కాళ్లు బాగున్న శిష్యుడు తడబడేవాడు. పది రోజులయ్యేసరికి జయంత్ గారి నడకే మారిపోయింది.

అంతా బాగానే ఉంది గాని, ఒక్క విషయం దగ్గర దైవసహాయం గారు రాజీపడలేదు. నదిలో దిగింది తాను ఒక్కడు కాదని, తంగవేలు అనే తమిళ సైనికుడు కూడా తనతో ఉన్నాడని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. సగం దాటాక తాను మునిగిపోతుంటే వెనక నుంచి వచ్చి తాడు తన భుజానికి మార్చుకున్నది తంగవేలే. ఒడ్డు చేరాక తాడు కడుతుండగా గుండు తగిలి పోయింది కూడా అతనే.

దర్శకుడు పరశురామయ్య గారు ఇది వినని మనిషి కాదు. విన్నారు, ఒప్పుకోలేదు. ఆయన వాదన వృత్తిపరంగా సబబైనదే. ఒక ప్రాణాపాయం దగ్గర ప్రేక్షకుడి చూపు ఒకే మనిషి మీద ఉండాలి, ఇద్దరుంటే చూపు చీలుతుంది, బలం తగ్గుతుంది అన్నారు. కథలో తంగవేలుకి ముందు నుంచీ చోటు లేదు, ఉన్నట్టుండి నదిలో పుట్టుకొస్తే ఎవరితను అని అడుగుతారు అన్నారు. నాకూ ఆ మాటే సరైనదనిపించింది.

దైవసహాయం గారు గొడవ పెట్టుకోలేదు. రోజూ భోజనాల వేళ దర్శకుడి ఎదురుగా కూర్చుని, ఒకే మాట మెల్లగా అనేవారు.

"తంగవేలు ఉన్నాడండీ."

పరశురామయ్య గారు అంతే మెల్లగా, "తెలుసు దైవసహాయం గారూ" అనేవారు. ఇద్దరూ మజ్జిగ పోసుకునేవారు.

నది దాటే ఘట్టానికి మేము ఎంచుకున్నది పామర్రు అవతల ఒక పెద్ద కాలువ. వేసవిలో డెల్టా కాలువలకు నీళ్లు కట్టేసి, గట్లు బాగుచేస్తారు. ఏరువాక ముందు బ్యారేజీ దగ్గర మళ్లీ వదులుతారు. ఎండిపోయి ఉన్న ఆ రోజుల్లో మా కళాదర్శకుడు కాలువ అడుగున సరుగుడు, తాటి దుంగలతో సగం కూలిన వంతెన నిలబెట్టాడు. నీళ్లు వచ్చాక, ఆ పారే నీళ్లలో హీరో ఈదుతుండగా, మిగిలిన సగం వంతెన పేలిపోవాలి. అంటే ఒక్కటే టేకు. రెండోసారి తీయడానికి వంతెన ఉండదు.

నీటిపారుదల శాఖ అనుమతి ఇచ్చింది. పైనున్న లాకు దగ్గర సూపర్‌వైజరు నీటిని కాసేపు నిలిపి, మేము జెండా ఊపగానే తలుపులు ఎత్తడానికి ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఒక్క దుంగ కూడా కాలువలో మిగలకూడదన్నది ఆయన షరతు. కింది ఊళ్లలో నారుమళ్లు దున్నుకుని రైతులు ఎదురుచూస్తున్నారు.

"మీ సినిమా ఆగినా ఫర్వాలేదండీ, నీళ్లు ఆగితే నన్ను ఈ గట్టు మీదే నిలేస్తారు" అన్నాడాయన.

నీళ్లొచ్చే రోజు ఉదయానికి కాలువ రెండు గట్లూ జనంతో నిండిపోయాయి. పామర్రు, గుడివాడ వైపు నుంచి బళ్లు కట్టుకుని, సైకిళ్ల మీద, బస్సుల టాపుల మీద వచ్చారు. చెట్ల మీద కూర్చున్నవాళ్లని దింపడం మా ప్రొడక్షన్ మేనేజరు వల్ల కాలేదు. ఫ్రేములో పడేవాళ్లకి మాత్రం ఖాకీ చొక్కాలు తొడిగించి సైనికుల్ని చేసేశాడు. అప్పటికి ఎన్నో సినిమాలు చేశాను గాని, మళ్లీ తీయలేని షాట్ అంటే ఏమిటో తెలిసింది ఆ రోజే.

మొత్తం మూడు కెమెరాలు. మొదటిది గట్టు మీద, కురుప్ గారి చేతిలో. మూడోది తాటిచెట్ల నడుమ కట్టిన మంచె మీద. రెండోది నాది, చేత్తో పట్టుకునే చిన్న కెమెరా. నన్ను వంతెనకి దిగువన, కాలువ మధ్య లంగరేసిన నాటుపడవలో కూర్చోబెట్టారు. హీరో మొహం దగ్గరగా దొరికేది నాకే. నా నడుముకి కట్టిన తాడు ఫోకస్ సహాయకుడి చేతిలో ఉంది.

పడవలో మూడో మనిషి మస్తాన్. గుంటూరువాడు, ఫైట్ మాస్టరు దగ్గర డూప్. హీరోల బదులు అద్దాలు పగలగొట్టుకుని దూకడం, మేడల మీద నుంచి పడటం అతని పని. ఆ రోజు డూప్ వద్దని, తానే ఈదుతానని జయంత్ గారు పట్టుబట్టారు. ఈత వచ్చుగాని అది చెరువుల్లో ఈత. అందుకని మస్తాన్‌ని నా పక్కన, పడవ అంచు చాటున కూర్చోబెట్టారు, ఏదైనా అయితే దూకడానికి. పొరపాటున ఫ్రేములో పడినా తేడా తెలియకుండా అతనికీ సైనికుడి దుస్తులే వేశారు. ఇది యూనిట్లలో మామూలు జాగ్రత్తే.

షాట్‌కి ముందు దైవసహాయం గారు హీరో భుజాన తాడు స్వయంగా సర్దారు. నడుముకి ముడి వేయకూడదని, తడిసిన తాడు బరువెక్కి వెనక్కి గుంజుతుందని, అలా గుంజినప్పుడు దాంతో పోట్లాడకుండా ఏటవాలుగా కిందికి కొట్టుకుపోతూ ఈదమని చెప్పారు. తర్వాత, "నేను గట్టు వెనక్కి పోతానండీ. నేనొక్కణ్ణే దిగినట్టు తీస్తుంటే చూడలేను" అన్నారు. జయంత్ గారు ఆయన చేయి పట్టుకుని, "మీరు కనపడకపోతే నాకు ధైర్యం చాలదండీ" అన్నారు. దాంతో ఆయన అవతలి ఒడ్డున, కెమెరాలకి అందని చోట నిలబడ్డారు.

జెండా ఊపారు. పైన లాకు తలుపులు లేచాయి. ముందు మెల్లగా, తర్వాత ఉరవడిగా, ఎండుటాకులూ నురగా తోసుకుంటూ ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఆ సంవత్సరపు మొదటి నీళ్లు. సినిమా సంగతి మరిచిపోయి గట్ల మీద రైతులు కేకలు వేశారు. నీళ్లు నిండి నా పడవ తేలగానే లంగరు తాడు బిగుసుకుని గుంజింది. మంచు కోసం పెట్టిన పొగ నీటి మీద పరుచుకుంది. పరశురామయ్య గారు మైకులో 'స్టార్ట్' అన్నారు. మూడు కెమెరాలు నడిచాయి. 'యాక్షన్' వినపడగానే జయంత్ గారు దూకారు.

మొదటి సగం అద్భుతంగా ఈదారు. చెప్పినట్టే ఏటవాలుగా, తల పైకెత్తి, పళ్లు బిగించి. నా ఫ్రేము నిండా ఆయన మొహమే. అనుకున్న గుర్తు దాటగానే వెనక వంతెన పేలింది. దుంగలు గాల్లోకి లేచాయి, పడవ ఊగింది, నీళ్లు నా మీద పడ్డాయి. ఆ అలకి తాడు ఒక్కసారి వెనక్కి గుంజింది. జయంత్ గారు మునిగారు. తేలారు. మళ్లీ మునిగారు. ఈసారి పైకి వచ్చిన మొహంలో నటన లేదు.

"మస్తాన్!" అన్నాను. అప్పటికే అతను దూకేశాడు, సరిగ్గా నా కెమెరా ముందు నుంచే.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. దర్శకుడు 'కట్' అనేదాకా ఆపరేటివ్ కెమెరా ఆపకూడదు. మైకులో ఏదో అరిచారు. అది కట్టో కాదో జనం హోరులో నాకు తెలియలేదు. జయంత్ గారికి మనిషి తోడు వెళ్లాడు. నా చేతిలో ఉన్నది కెమెరా. నడవనిచ్చాను. ఫ్రేము కాస్త వెడల్పు చేసి ఇద్దరినీ అందులోకి తెచ్చాను. "ఫోకస్ పోతోంది సార్!" అని నా సహాయకుడు అరుస్తూనే సరిచేస్తూ వచ్చాడు.

మస్తాన్ చేరి, జయంత్ గారి భుజం మీది తాడు తన భుజానికి మార్చుకున్నాడు. ఆయన చేతిని తన మెడ చుట్టూ వేసుకున్నాడు. ఇద్దరూ కొట్టుకుపోతూ, లేస్తూ, పొగలోంచి బయటపడి అవతలి ఒడ్డు చేరారు. బురదలో మోకాళ్ల మీద పడిన జయంత్ గారు, ఏ శక్తితో లేచారో గాని, తాడు అందుకుని గుంజకి చుట్టారు. మస్తాన్ పక్కనే ఉండి ముడి బిగించాడు. ఇంత జరిగినా అతని మొహం ఒక్క క్షణం కూడా కెమెరా వైపు తిరగలేదు. డూప్‌కి మొదట నేర్పేది మొహం దాచుకోవడం. అది అతని వెన్నులో నాటుకుపోయింది.

అప్పుడు వినపడింది, 'కట్' అని. మేము పడవ ఒడ్డుకి తెచ్చేసరికి దైవసహాయం గారు చెప్పులతోనే నీళ్లలోకి దిగి, మస్తాన్ రెండు భుజాలూ పట్టుకుని నిలబడి ఉన్నారు. మస్తాన్ బెదిరిపోయి, తన వల్ల షాట్ పాడైందని, క్షమించమని అంటున్నాడు.

"అట్టాగేనయ్యా వచ్చాడు వాడు. మంచులో మొహం నాకూ కనపళ్ళేదు" అన్నారు దైవసహాయం గారు.

జయంత్ గారు క్షేమమే. కాస్త నీళ్లు మింగారు, అంతే. వేడివేడి కాఫీ తాగి, ఇంకో టేకు ఉందా అని అడిగారు. అందరూ నవ్వారు, పరశురామయ్య గారు తప్ప. షాట్ పోయిందన్న కోపం ఆయన మొహంలో కనపడుతూనే ఉంది. నన్ను పిలిచి, రెండోవాడు ఫ్రేములోకి వచ్చాక ఎందుకు ఆపలేదని అడిగారు. కట్ వినపడలేదని చెప్పాను. మధ్యాహ్నానికి ఆటోనగర్ లారీలే గట్టెక్కి దుంగలన్నీ లాగేశాయి. నీళ్లు కింది ఊళ్లకు వెళ్లిపోయాయి. తీసిన ఫిల్మును ఆ సాయంత్రపు మెయిలు రైల్లో మద్రాసు పంపారు.

తర్వాతి వారం మద్రాసులో రషెస్ వేశారు. ల్యాబు వారి చిన్న థియేటర్లో దర్శకుడు, కురుప్ గారు, నేను, ఎడిటరు. మొదటి కెమెరాలో పొగ ఎక్కువై హీరో సగం దూరం కనపడలేదు. మంచె మీది కెమెరాలో వంతెన పేలడం బ్రహ్మాండంగా వచ్చింది గాని, మనుషులు చీమల్లా ఉన్నారు. మూడోసారి వేసింది నాది.

అన్నీ ఉన్నాయి. మునిగే మొహం, కెమెరా ముందు నుంచి దూకిన నీడ, తాడు మారిన భుజం, పొగలోంచి లేచిన రెండు తలలు. ఒకటి రెండు చోట్ల ఫోకస్ జారి మళ్లీ నిలబడింది. ఆ జారడం కూడా అక్కడ బాగుంది. లైట్లు వెలిగాయి. పరశురామయ్య గారు ఇంకోసారి వేయమన్నారు. అది చూశాక మళ్లీ వేయమన్నారు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు చూడకుండా అడిగారు.

"ఆ రెండోవాడి పేరు ఏమన్నాడయ్యా ఆయన?"

"తంగవేలు అండీ."

"రాయాలి. మొదటి నుంచీ రాయాలి అతన్ని" అన్నారు.

కథలో మార్పులు జరిగాయి. శిక్షణ శిబిరంలో ఇద్దరూ కలవడం, ఒకరి భాష ఒకరికి రాక సైగలతో స్నేహం చేయడం, దైవసహాయం గారు చెప్పిన సంఘటనలే కూర్చి కొత్త సన్నివేశాలు తీశాం. వాటి కోసం ఇంకో విడత పామర్రు వెళ్లాం. తంగవేలు పాత్రకి పేరున్న నటుణ్ణి తీసుకుందామని నిర్మాత అంటే, నదిలో ఉన్నది మస్తాన్ ఒళ్లు, మిగతా చోట్లా అతనే ఉండాలని పరశురామయ్య గారు పట్టుబట్టారు.

మస్తాన్‌తో మా తిప్పలు ఇన్నీ అన్నీ కావు. 'యాక్షన్' అనగానే అతని మెడ తనంతట తానే పక్కకి తిరిగిపోయేది. "ఇటు చూడు మస్తాన్, కెమెరా ఇక్కడుంది" అంటే, "తెలుసు సార్, అందుకే గదా తిరుగుతా ఉంది" అనేవాడు. చివరికి జయంత్ గారు ఒక ఉపాయం చేశారు. తాను కెమెరా పక్కనే నిలబడి, తనతోనే మాట్లాడమన్నారు. అలా నెమ్మదిగా అతని మొహం మాకు దొరికింది. మంచి మొహం.

సినిమా విజయవాడలో విడుదలైన రోజు ఉదయం ఆటకి యూనిట్ అంతా వెళ్లాం. దైవసహాయం గారు తంగవేలు అక్కగారిని వేలూరు అవతలి పల్లె నుంచి పిలిపించారు. ఆమె పక్కన కూర్చుని, తెలుగు మాటలన్నీ తనకి వచ్చిన తమిళంలో చెబుతూ పోయారు. నది ఘట్టం వచ్చినప్పుడు ఆయన చెప్పడం మానేశారు. పొగలోంచి రెండు తలలు లేవగానే, నేల టిక్కెట్ల వాళ్లు లేచి నిలబడి ఈలలు వేశారు. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. ఆట అయ్యాక మస్తాన్‌ని ఆమె దగ్గరికి తీసుకెళ్లాం. చాలాసేపు ఎగాదిగా చూసి, తమిళంలో ఒక్క మాట అన్నారు. దైవసహాయం గారు నవ్వి తెలుగులో చెప్పారు.

"తమ్ముడు ఇంత లావు లేడంటున్నారు. ఈత మాత్రం వాడిదే అంట."

సినిమా గొప్పగా ఆడలేదు, నష్టమూ రాలేదు. మస్తాన్‌కి ఆ తర్వాత చిన్న వేషాలు వచ్చాయి. డూప్ పని కూడా వదల్లేదు. పరశురామయ్య గారు నన్ను తన తర్వాతి సినిమాలన్నిటికీ పిలిచారు. కొన్నాళ్లకి నేనే ఛాయాగ్రాహకుణ్ణి అయ్యాను, నా కింద ఆపరేటివ్‌లు వచ్చారు. వాళ్లకి నేను నేర్పిన మొదటి పాఠం ఇది: షాట్‌లో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికి దర్శకుడున్నాడు, ఎడిటరున్నాడు. వాళ్లకి తేల్చడానికి వీలుండాలంటే ముందు అది ఫిల్ము మీద ఉండాలి. కట్ స్పష్టంగా వినపడేదాకా కెమెరా నడవాలి, ఎదుట జరుగుతున్నది మొత్తం ఫ్రేములో ఉండాలి.